జడకూ ఒక ఉత్తరం: పి-3 వీసాతో మా కూచిపూడి బృందం అమెరికా ప్రయాణం

2024 సంక్రాంతి వెళ్లిన వారం. పిల్లలకు క్లాసు అయిపోయి నేను వాయించే తాళాలు గుడ్డలో చుడుతుంటే న్యూజెర్సీ నుంచి అక్క ఫోన్ చేసింది. తోడబుట్టిన అక్క కాదు. ఒకే గురువు గారి దగ్గర నేర్చుకున్నాం, నాకంటే ఆరేళ్లు పెద్ద. ఎడిసన్‌లో డాన్స్ స్కూల్ నడుపుతోంది.

"ఈ దసరాకి నువ్వు మొత్తం ఆర్కెస్ట్రాతో రావాలే. రికార్డు పెట్టుకుని భామాకలాపం ఆడి ఆడి విసుగొచ్చింది. ఆరు ఊళ్లు మాట్లాడుతున్నాను" అంది.

ఆ మాటకు నా గుండె వేగంగా కొట్టుకుంది. నట్టువాంగం, అంటే తాళాలు వాయిస్తూ డాన్సును నడిపించే పని, చేసేవాళ్లకు తెలుసు, భామాకలాపంలో నాయిక సత్యభామ నిలబడ్డ తీరును బట్టి అప్పటికప్పుడు జతి, అంటే అడుగులకు పలికే సొల్లుల వరుస, కాస్త సాగదీయడం, ఒక అడుగు ముందే అందుకోవడం రికార్డుతో అయ్యే పని కాదు. సరే అన్నాను. అక్కడి నుంచి విమానం ఎక్కేదాకా దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు ఏ బృందమైనా నన్ను అడిగితే మొదట చెప్పేది అదే, ఎనిమిది నెలలు చేతిలో పెట్టుకోండి.

మేం మొత్తం ఎనిమిది మందిమి. నేను, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, ఇద్దరు డాన్సర్లు. ఎనిమిదో మనిషి మేకప్ బాబాయి గారు. ఆయన గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే ఈ కథలో ఎక్కువ కష్టం ఆయన కాగితాలకే పడ్డాం.

మొదట వచ్చిన ప్రశ్న విజిటర్ వీసా గురించి. మా గాయని పిన్నిగారి అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఆవిడ పాస్‌పోర్టులో పదేళ్ల విజిటర్ వీసా ఉంది. "నాకు వీసా ఉందిగా అమ్మా, మళ్లీ ఈ తతంగమంతా ఎందుకు?" అని అడిగారు. బయట కూడా ఇద్దరు ముగ్గురు అదే చెప్పారు, చుట్టపుచూపుగా వెళ్లి ఆడేసి వచ్చేయండి అని. నేను ఒప్పుకోలేదు. టికెట్టు పెట్టి ఆడే ప్రదర్శనకు, డబ్బు తీసుకుని పాడే పాటకు బి1, బి2 అనే ఈ విజిటర్ వీసా పనికిరాదు. మన ప్రభుత్వమే ఖర్చులన్నీ భరించి సాంస్కృతిక కార్యక్రమానికి పంపిస్తే, అక్కడ టికెట్టు లేకుండా ప్రదర్శన ఇస్తే అది వేరే సంగతి. మాది అది కాదు. విమానాశ్రయంలో పెట్టెలో గజ్జెలు, మృదంగం చూసి "ఎందుకొచ్చారు?" అని అడిగితే ఆ పెద్దావిడ చేత అబద్ధం చెప్పించాలా? డెబ్బయ్యికి దగ్గరపడుతున్న మనిషి. ఆ ఆలోచనే నాకు పడలేదు.

అక్క ఒక ఇమిగ్రేషన్ లాయర్ గారిని పెట్టుకుంది. మొదటి వీడియో కాల్‌లో ఆవిడ గంటసేపు ఓపిగ్గా చెప్పారు. జాతీయంగానో అంతర్జాతీయంగానో పేరు మోసిన వ్యక్తికి ఓ-1 ఉంటుంది, అంతర్జాతీయంగా పేరున్న బృందానికి పి-1 ఉంటుంది. మాలాంటి వాళ్లకు సరిపోయేది పి-3. ఒక దేశానికో, జాతికో, మతానికో, ఒక సమాజానికో ప్రత్యేకమైన కళను ప్రదర్శించడానికి, నేర్పడానికి, వివరించడానికి వచ్చే కళాకారులకు ఇచ్చే తాత్కాలిక వీసా అది. ప్రపంచమంతా పేరుండాలని ఏం లేదు. ఆ కళ ఆ జనానిదే అని, మీరు చేసేది అసలైనదని, అక్కడ మీరు ఇచ్చే ప్రతి ప్రదర్శనా ఆ కళకు సంబంధించిందే అని చూపించాలి. ఒకేసారి ఏడాది వరకు ఇస్తారు. దరఖాస్తు మేం పెట్టేది కాదు, అమెరికాలో ఉన్న సంస్థ పెట్టాలి. ఆరు ఊళ్లలో ఆరు సంస్థలు పిలుస్తున్నాయి కాబట్టి అక్క స్కూలే అందరి తరఫున ఏజెంటుగా పిటిషన్ వేసేలా, మిగిలిన ఊళ్ల నుంచి ఒప్పందాలు తెప్పించేలా అనుకున్నాం.

ఒప్పందం దగ్గరే మొదటి చిక్కు. మన దగ్గర ఎవరు రాసుకుంటారు? తాంబూలం చేతికిచ్చి ఫలానా తారీఖు అనుకుంటే అదే ఒప్పందం. పారితోషికం కవర్లో పెట్టి ఇస్తే అక్కడే విప్పి చూడటం కూడా మర్యాద కాదనుకుంటాం. ఇప్పుడు ఒక్కొక్కరికి ప్రదర్శనకు ఎన్ని డాలర్లు, ఎక్కడ బస, భోజనం ఎవరిది, తిరుగు టికెట్ ఎవరు కొంటారు అన్నీ కాగితం మీదికి రావాల్సి వచ్చింది. నోటిమాట ఒప్పందమైనా దాని సారాంశం రాసి పెట్టవచ్చట, కానీ రాతపూర్వకంగా ఉంటే మంచిదని లాయర్ గారు పట్టుబట్టారు. మృదంగం మాస్టారికి ఇది కొంచెం ఇబ్బందిగా అనిపించింది. "డబ్బు గురించి ఇంత రాయాలా తల్లీ" అన్నారు. నాకు మాత్రం అది చాలా మంచి పని అనిపించింది. గడువుకు ముందే వాళ్లు మనల్ని పంపించేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు వాళ్లే పెట్టుకోవాలని కూడా చట్టంలో ఉందని అప్పుడే తెలిసింది. మన ఊళ్లో కళాకారులకు ఈ మాత్రం కాగితం ఏనాడైనా ఉందా?

ఇక పేర్లు. మా వయొలిన్ మాస్టారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరంతా ఒకే చోట ఉంది. కరపత్రాల్లో ఆయన ఇంటిపేరుతో ఒకలా, ఊరి పేరుతో ఒకలా, పత్రికల్లో అక్షరాలు మారి ఇంకోలా ఉంది. అలాంటప్పుడు వాళ్ల ఫారాల్లో ఉన్న పేరునే ఇంటిపేరు కింద వేసి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని రాస్తారు, అంటే పేరు తెలియదు అని అర్థం. నలభై ఏళ్లుగా వేదికల మీద ఆ పేరుతో వాయిస్తున్న మనిషికి "పేరు తెలియదు" అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కానీ పాస్‌పోర్టులో ఎలా ఉందో పిటిషన్లోనూ అచ్చం అలాగే ఉండాలి. ఆ పేర్లన్నీ ఒకే మనిషివని ఆయన చేత ఒక అఫిడవిట్ రాయించి నోటరీ చేయించి జతపరిచాం. విదేశాలకు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు ఈ ఒక్క పనీ ముందే చూసుకోండి, పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉందో లేదో.

ఆ తర్వాత పత్రికల్లో వచ్చిన సమీక్షలు. ఇరవై ఏళ్ల కటింగులు ట్రంకు పెట్టెలో ఉన్నాయి, కొన్ని చెదలు తిన్నవి. అన్నీ తెలుగులోనే. ప్రతిదానికీ ఇంగ్లిష్ అనువాదం, చేసినవాళ్లు "నాకు రెండు భాషలూ వచ్చు, ఇది పూర్తి, సరైన అనువాదం" అని సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. మా మరిది గుడివాడలో జూనియర్ కాలేజీ లెక్చరర్. శని, ఆదివారాలు వచ్చి కూర్చునేవాడు. ఒక పాత సమీక్షలో "ప్రవేశ దరువు రక్తి కట్టింది" అని ఉంది. ప్రవేశ దరువంటే పాత్ర వేదిక మీదికి వచ్చేటప్పటి పాట. దాని దగ్గర పూటంతా ఆగిపోయాం. బాగుంది అంటే సరిపోదు, ఆకట్టుకుంది అంటే చప్పగా ఉంది. "వదినా, రక్తి కట్టడం అంటే అసలేంటి?" అని వాడు అడిగాడు. నేను లేచి ఆ దరువులో రెండు చరణాలు చేసి చూపించాను. పాత్ర, పాట, చూసేవాళ్లు ముగ్గురూ ఒకటైపోయే క్షణం అది అన్నాను. చివరికి ఆ అర్థం వచ్చేలా ఒక పొడుగాటి వాక్యం రాశాడు. ఇన్నేళ్లుగా ఆ మాట వాడుతున్నా, దానికి అర్థం చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు.

నిపుణుల ఉత్తరాలు ఇంకా ముఖ్యం. మా గురువు గారు, ఒక విశ్వవిద్యాలయంలో నృత్యం బోధించే ఆచార్యులు ఒకరు, అమెరికాలోని సంగీత శాస్త్రజ్ఞుడు ఒకరు రాసిచ్చారు. మొదటి విడతలో నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. "అద్భుతమైన కళాకారులు, దీవిస్తున్నాను" అన్న ధోరణిలో రాసినవాటినే పంపేశాను. మనకు పెద్దలు అలా రాస్తే ఎంతో గౌరవం. కానీ చదివే అధికారికి కావలసినది వేరు. రాసినవాళ్ల అర్హత ఏమిటి, ఈ బృందం పని వాళ్లకు ఎలా తెలుసు, ఈ కళలో తెలుగువాళ్లకే చెందినదేమిటి అన్నవి విడివిడిగా, తేటగా ఉండాలి.

అక్కడి యూనియన్ల సలహా ఉత్తరాలు కూడా కావాలి. డాన్సర్లకు అమెరికన్ గిల్డ్ ఆఫ్ మ్యూజికల్ ఆర్టిస్ట్స్, వాద్యాల వాళ్లకు అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ మ్యుజీషియన్స్. అభ్యంతరం లేదని రాసిస్తారు. ఆ పని లాయర్ గారే చూసుకున్నారు.

ఇప్పుడు బాబాయి గారి సంగతి.

ఆయన మాకు మేకప్ వేయడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు. చదువు ఐదో తరగతి. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు. కరపత్రాల్లో "ఆహార్యం" అని వేసి పక్కన పేరు వేయడం కూడా చాలాసార్లు మర్చిపోయేవాళ్లం. లాయర్ గారు చెప్పారు, కళాకారులతో పాటు వచ్చే సహాయక సిబ్బందిని అదే పిటిషన్లో కలపరు, వాళ్లకు విడిగా ఇంకో పిటిషన్ వేయాలి, విడిగా ఫీజు కట్టాలి, ఆయన లేకపోతే ఈ ప్రదర్శన జరగదని, ఆ పని అక్కడివాళ్లు చేయలేరని చూపించాలి అని. అక్క ఖర్చు లెక్క వేసుకుని, "ఇక్కడ మేకప్ వేసేవాళ్లు దొరుకుతారే, ఆయన్ని వదిలేద్దామా?" అంది. అక్క తప్పేం కాదు, డబ్బు సర్దేది తనే.

నేను మర్నాడు విజయవాడ సింగ్‌నగర్‌లో బాబాయి గారింటికి వెళ్లాను. ఆయన సత్యభామ జడ ముందేసుకుని కూర్చుని ఉన్నారు. భామాకలాపం చూసినవాళ్లకు ఆ జడ గురించి చెప్పక్కర్లేదు. తెర పట్టుకున్నాక సత్యభామ ముందు తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నాకు సాటి వచ్చేవాళ్లుంటే రండి అని సవాలు అది. బాబాయి గారి ఒళ్లో ఆ జడ, పక్కన పళ్లెంలో జడకు పెట్టే నగలు, సూర్యుడు, చంద్రుడు, నాగరం, కింద వేలాడే మూడు జడకుప్పెలు. నల్ల ఉన్నిని పేటలు పేటలుగా తీసి, లోపల సన్నటి తాడు పెట్టి అల్లుతున్నారు. "లోపల తాడెందుకు బాబాయ్?" అన్నాను. "తెర మీదికి విసిరినప్పుడు జడ మెలి తిరక్కుండా తిన్నగా పడాలి కదమ్మా. తాడు బిగువుంటే గట్టిగా కర్రలా పడుతుంది, వదులైతే గుడ్డలా పడుతుంది. పాములా పడాలి" అన్నారు. వాళ్ల నాన్న గారి కాలంలో ఆ నగలన్నీ బూరుగు చెక్కతో చేసి రంగుటద్దాలు అతికించేవారట. ఆయన దగ్గర ఇప్పటికీ ఆ చెక్క సూర్యుడు ఒకటుంది. అరచేతిలో పెట్టారు. బరువే లేదు.

ఆ సాయంత్రం అక్కడే చాప మీద కూర్చుని ఆయన చెప్పిందంతా రాసుకున్నాను. ముఖానికి పసుపు ఛాయ రంగు ఎందుకు, ఏ పాత్రకు కనుబొమ ఎంతవరకు తేవాలి, జడ అల్లడానికి ఎన్ని రోజులు, రంగస్థలం మీద ఊడిపోతే తెర వెనక నలభై సెకన్లలో ఎలా సర్దుతారు, అన్నీ. రాత్రి ఇంటికొచ్చి అక్కకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రెండో పిటిషన్ కూడా వేద్దాం" అంది. ఆ రాత రెండు పేజీల ఇంగ్లిష్ ఉత్తరమైంది, జడ ఫొటోలు, ఆయన చేతుల ఫొటోలు జతచేశాం. మా పిటిషన్ మొత్తంలో చదవదగ్గ కాగితం అదేనని లాయర్ గారు చెప్పినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

మార్చి నెలాఖరుకు అంతా సిద్ధమైంది అనుకున్నాం. సంతకాలు అయ్యాయి. రెండు ఊళ్ల ఒప్పందాలు రావడం ఆలస్యమై ఏప్రిల్ వచ్చేసింది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ పిటిషన్ వేసే ఐ-129 ఫారం కొత్తది, ఫీజులు కొత్తవి. పాత ఫారానికి ఒక్క రోజు కూడా గడువు లేదు. మొత్తం కొత్త ఫారం మీద మళ్లీ నింపి, అక్క మళ్లీ సంతకాలు పెట్టి పంపాల్సి వచ్చింది. అంతకుముందు 460 డాలర్లున్న ఫీజు పి వీసాకు 1,015 అయింది. అక్క స్కూలు లాభాపేక్ష లేని సంస్థగా రిజిస్టర్ అయి ఉంది కాబట్టి ఒక్కో పిటిషన్‌కు 510 డాలర్లతో సరిపోయింది. కొత్తగా పెట్టిన అసైలమ్ ప్రోగ్రామ్ ఫీజు 600 డాలర్లు కూడా అలాంటి సంస్థలకు లేదు. పిలిచే సంస్థ ఎలాంటిదో ముందే కనుక్కోండి, ఖర్చులో చాలా తేడా వస్తుంది.

పంపాక నెల దాటినా కదలిక లేదు. మే మూడో వారంలో ఇక ఆగలేక ప్రీమియం ప్రాసెసింగ్, అంటే త్వరగా చూడటానికి తీసుకునే అదనపు ఫీజు, కట్టాం. ఒక్కో పిటిషన్‌కు 2,805 డాలర్లు, రెండింటికి 5,610. పదిహేను పని దినాల్లో ఏదో ఒక సమాధానం ఇస్తారు. ఆ డబ్బు ఆరు ఊళ్ల వాళ్లూ తలా కొంత వేసుకున్నారు. సమాధానం వచ్చింది, జూన్ 4న. మంజూరు కాదు, ఆర్‌ఎఫ్‌ఈ. అంటే ఇంకా ఆధారాలు చూపించమని నోటీసు.

అక్క ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. అందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, ఉత్తరాల్లో పొగడ్త ఉంది తప్ప ఈ కళ సాంస్కృతికంగా ఎలా ప్రత్యేకమో లేదు. రెండోది, ఒక ఊరి కార్యక్రమ వివరాల్లో "కూచిపూడి, బాలీవుడ్ ఫ్యూజన్" అని ఒక అంశం ఉంది, ఇది ఏ సంస్కృతికి చెందుతుందో చెప్పండి అని. ఆ అంశం గురించి మాకే తెలియదు. ఆ ఊరి నిర్వాహకులు జనం వస్తారని ఉత్సాహంగా చేర్చారు.

లాయర్ గారు అప్పుడు 2012 నాటి ఒక తీర్పు గురించి చెప్పారు. లాస్ ఏంజెలెస్‌లోని స్కర్‌బాల్ కల్చరల్ సెంటర్ అర్జెంటీనా నుంచి ఒక సంగీత బృందాన్ని పిలిచింది. యూదుల క్లెజ్‌మర్ సంగీతాన్ని లాటిన్ అమెరికా సంగీతంతో కలిపి వాయించే వాళ్లు. ఇది కలగలుపు కదా, ప్రత్యేక సంస్కృతి ఎలా అవుతుందని మొదట తిరస్కరించారు. పైన అప్పీలు విభాగం ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. రెండు సంప్రదాయాలు కలిసినా ఆ కలయిక ఒక జనసమూహానికి చెందిన కళ అయితే అది ప్రత్యేకమైనదే అంది. వలస వెళ్లిన వాళ్ల బతుకులోంచి పుట్టిన సంగీతం అది, ఒప్పుకోవాల్సిందే అనిపించింది. లాయర్ గారు మమ్మల్ని అడిగారు: "మీ ఫ్యూజన్ అలాంటిదేనా? అయితే దాని మీద వాదిద్దాం."

నేను కాదన్నాను. మాది అలాంటిది కాదు, ఒక సినిమా పాటకు నాలుగు అడుగులు కలపడం. దాని కోసం వాదించడం నాకు ఇష్టం లేదు. అక్క ఆ నిర్వాహకులతో మాట్లాడింది, వాళ్లు పెద్దమనసుతో ఆ అంశం తీసేసి దాని స్థానంలో తరంగం పెట్టి కొత్త ఉత్తరం ఇచ్చారు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం కన్నా జనానికి కావలసింది ఏముంటుంది? ఉత్తరాలు మళ్లీ రాయించాం. ఆచార్యులు గారు ఈసారి నాలుగు పేజీలు రాశారు. కృష్ణా జిల్లా మొవ్వ దగ్గరి కూచిపూడి గ్రామం, సిద్ధేంద్ర యోగి సంప్రదాయం, మగవాళ్లే స్త్రీ వేషాలు కట్టిన రోజులు, సత్యభామ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారు, 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఈ నృత్యాన్ని ఊరు దాటించిన వెంపటి చినసత్యం గారు, ఆ పరంపరలో మా గురువు గారు, ఆయన దగ్గర మేం. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. జూన్ 21న సమాధానం పంపాం. జూలై 8న రెండు పిటిషన్లూ మంజూరయ్యాయి, సెప్టెంబర్ 10 నుంచి నవంబర్ 5 దాకా.

ప్రీమియం మొదటిరోజే కట్టి ఉంటే ఈ టెన్షన్ సగం తగ్గేది. డబ్బు ఎలాగూ కట్టాం.

తర్వాతది త్వరగా నడిచింది. ఒక్కొక్కరికి డీఎస్-160 అనే వీసా దరఖాస్తు, ఒక్కొక్కరికి 205 డాలర్ల వీసా ఫీజు, మన డబ్బులో దాదాపు 17 వేలు. విజిటర్ వీసా అపాయింట్‌మెంట్లకు నెలల తరబడి వేచి ఉండాల్సిన సమయంలో, పిటిషన్ మీద వచ్చే మా కేటగిరీకి ఆగస్టు రెండో వారంలోనే దొరికాయి. రాత్రి బస్సులో ఎనిమిది మందిమి విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లాం. మొదటి రోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద ఉన్న సెంటర్లో వేలిముద్రలు, ఫొటో. తబలా, మృదంగం వాయించేవాళ్లకు వేళ్ల చివర్లు కాయలు కాసి ఉంటాయి. మా మాస్టారి కుడిచేతి వేళ్లు మెషీన్‌కు అందక నాలుగైదుసార్లు పెట్టించారు. మర్నాడు నానక్‌రామ్‌గూడ కాన్సులేట్. ఫోన్లు, బ్యాగులు ఏవీ లోపలికి రావు, కాగితాలు మాత్రమే.

నన్ను అడిగినవి మూడు ప్రశ్నలు. ఏం చేస్తారు, ఎవరు పిలిచారు, ఎప్పుడు తిరిగొస్తారు. బాబాయి గారి వంతు వచ్చినప్పుడు పక్క కిటికీ దగ్గర నిలబడి విన్నాను. తెలుగులోనే మాట్లాడవచ్చన్నారు. "ఆ పని అక్కడ ఎవరూ చేయలేరా?" అని అడిగారు కిటికీ అవతలి అమ్మాయి, వీసా అధికారి. బాబాయి గారు కాస్త ఆలోచించి, "మొహానికి రంగు ఎవరైనా వేస్తారమ్మా. ఈ జడ నేను అల్లింది. ఊడితే మళ్లీ కట్టడం నాకే తెలుసు" అన్నారు. వీసా ఇస్తున్నామని చెప్పారు. ఆయన వంగి నమస్కారం పెట్టి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు.

మృదంగం మాస్టారికి మాత్రం 221-జి కాగితం చేతికిచ్చి, అదనపు పరిశీలన ఉందన్నారు. అడిగిన వివరాలు ఆ రాత్రే ఈమెయిల్ చేశాం. రెండు వారాలు ప్రతి పూటా స్టేటస్ చూడటమే. మృదంగం లేకుండా భామాకలాపం ఎలా ఆడతాం? ఆగస్టు ఆఖరులో ఆయన పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఆ శనివారం ఊరు చేరేసరికి విజయవాడలో కుండపోత.

ఆ మర్నాడు, సెప్టెంబర్ 1న, బుడమేరు వాగు పొంగింది. సింగ్‌నగర్ మునిగిపోయింది. బాబాయి గారి ఫోన్ కలవలేదు. ఒకటిన్నర రోజు కలవలేదు. నాకు వీసా, ప్రదర్శన ఏదీ గుర్తులేదు, ఆయన, ఆయన భార్య పిన్ని ఎక్కడున్నారో అన్నదే. సోమవారం సాయంత్రం ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడారు. పక్కింటి మేడ మీద ఉన్నామని, పడవ వచ్చిందని, బయటపడ్డామని. మేడ ఎక్కేటప్పుడు పాస్‌పోర్టు పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నారట, జడ పెట్టె నెత్తిన పెట్టుకున్నారట. కింద ఇంట్లో మిగిలినవేవీ మిగల్లేదు. ఇరవై రెండేళ్ల రంగులు, కిరీటాలు, వాళ్ల నాన్న గారి చెక్క సూర్యుడు.

నేను ప్రయాణం వాయిదా వేద్దామన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. "ఇంట్లో బురద నేనూ మా తమ్ముడూ ఎత్తుకుంటాం. ఆయన్ని తీసుకెళ్లమ్మా, ఆ డబ్బు కావాలి మాకు" అన్నారు. చవితి మర్నాడు, సెప్టెంబర్ 8న, శంషాబాద్‌లో విమానం ఎక్కాం. పిటిషన్ గడువు మొదలవడానికి పది రోజుల ముందు నుంచి ఆ దేశంలోకి రానిస్తారు, గడువు తర్వాత ఇంకో పది రోజులు ఉండనిస్తారు, ఆ రోజుల్లో పని మాత్రం చేయకూడదు. లోపలికి వెళ్లగానే, అక్కడ ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే ఐ-94 తేదీలు ఆన్‌లైన్లో చూసుకోవాలి. పారితోషికంలో 30 శాతం పన్ను కింద అక్కడే పట్టుకోవచ్చని కూడా ముందే తెలుసుకుని ఉండటం మంచిది, ఇంటికొచ్చాక లెక్క తేడా వచ్చిందని బాధపడకుండా.

నెవార్క్ విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర మృదంగం చర్మం, గజ్జెల పట్టీలు అన్నీ ముందే చెప్పాం. జడ పెట్టె విప్పమన్నారు. విప్పితే ఉన్ని ఇంకా చెమ్మగానే ఉంది, వాన వాసన వస్తోంది. ఇదేమిటని ఆ అధికారి అడిగారు. నాకు చప్పున మాట రాలేదు. ఫైల్లోంచి జడ గురించి రాసిన ఆ రెండు పేజీల ఉత్తరం తీసి ఇచ్చాను. ఆయన నిలబడే మొత్తం చదివారు. సూర్యుణ్ని, చంద్రుణ్ని ఒకసారి చూసి, పెట్టె తనే జాగ్రత్తగా మూసి ఇచ్చారు.

అక్క గ్యారేజీలో రెండు కుర్చీల మధ్య తాడు కట్టి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, బాబాయి గారు జడను నాలుగు రోజులు ఆరబెట్టారు. పూట పూటకూ పేటలు విడదీసి వేళ్లతో దువ్వేవారు. నీళ్లకు లోపలి తాడు బిగుసుకుపోయిందని ఎడిసన్‌లో ఒక హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లమన్నారు. అక్కడ అరగంట సేపు తాళ్లన్నీ చేత్తో లాగి చూసి ఒకటి కొన్నారు. ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం గ్యారేజీ తలుపు తెర అనుకుని ఒకసారి, రెండుసార్లు, మూడోసారి విసిరి చూసుకున్నారు. మూడోసారి చూసి, "ఆ, ఇప్పుడు పడిందమ్మా" అని జడ పెట్టెలో సర్దారు.